వంటగది నుంచి వేదిక దాకా: పాత హోటలు, కచేరీ హాలుల చరిత్రను రాయడం ఎలా

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఒక పాత హోటలు ప్రస్తావన తెస్తే పెద్దవాళ్ళు రెండు సంగతులు చెబుతారు. అక్కడి భోజనం ఎలా ఉండేదన్నది ఒకటి. ఆ మేడ మీది హాలులోనో, వెనుక పెరట్లో వేసిన పందిట్లోనో ఎవరెవరు పాడారన్నది రెండోది. ఈ రెంటినీ విడదీసి రాయడం మన స్థానిక చరిత్రలకు అలవాటైపోయింది. సంగీతం గురించి రాసేవారు విద్వాంసుల పేర్లతో సరిపెడతారు, వ్యాపారం గురించి రాసేవారు యజమానుల వంశావళితో ఆగిపోతారు. కచేరీకి వచ్చిన విద్వాంసుడు ఎక్కడ దిగాడు, పక్కవాద్యాల వారికి అన్నం ఎవరు పెట్టారు, ఆ ఖర్చు ఏ పద్దులోంచి వచ్చింది, వినడానికి ఎవరిని లోపలికి రానిచ్చారు అన్న ప్రశ్నలు ఇద్దరికీ పట్టకుండా పోతాయి. వంటగదినీ వేదికనూ ఒకే కాలక్రమంలో పెట్టి చూసినప్పుడే ఇలాంటి కట్టడం చరిత్ర సక్రమంగా తెలుస్తుందని నా నమ్మకం. ఆ పని ఆచరణలో ఎలా చెయ్యాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

దేని చరిత్ర రాస్తున్నారో ముందు తేల్చుకోండి

ఒక హోటలు పేరు, దాని యాజమాన్యం, అది నడిచిన కట్టడం, ఆ కట్టడం ఉన్న స్థలం నాలుగు వేరు వేరు విషయాలు. గంటస్తంభం దగ్గర మొదలైన పేరు యజమానితో పాటు స్టేషను రోడ్డుకు పోయి ఉండవచ్చు. పాత మేడలో మరొకరు మరో పేరుతో కాఫీ హోటలు పెట్టి ఉండవచ్చు. మేడను పడగొట్టి అదే పునాది మీద లాడ్జి కట్టి ఉండవచ్చు. సంగీత వేదిక కూడా ఉన్న హోటలు విషయంలో స్థలాన్ని ఆధారంగా తీసుకోవడమే మంచిదని నేను అనుకుంటాను, ఎందుకంటే శ్రోతల జ్ఞాపకం చోటును పట్టుకుని ఉంటుంది, యాజమాన్యాన్ని కాదు. నోటు పుస్తకం మొదటి పేజీలో ఆ స్థలం వీధి పేరు, పాత వార్డు, ఇప్పటి వార్డు, డోరు నంబరు, టౌను సర్వే నంబరు, నాలుగు హద్దులు రాసుకోండి. తర్వాత దొరికే ప్రతి కాగితాన్నీ ఈ పేజీతో సరిచూడాలి.

ఊరి కాలక్రమాన్ని పక్కన పెట్టుకోండి

హోటలు గోడలకు లోపలి సంగతులు బయటి సంగతులను బట్టి మారుతూ వచ్చాయి కనుక, ఊరికి సంబంధించిన తేదీల పట్టిక ఒకటి ముందుగా తయారు చేసుకోవాలి. విజయనగరానికైతే అందులో తప్పక ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. కోటకు పునాది 1713లో పడింది. పురపాలక సంఘం 1888లో ఏర్పడింది. సంస్థానాధీశుడు ఆనంద గజపతిరాజు (1850–1897) ఆదరణలో సంగీత సాహిత్యాలు వర్ధిల్లిన రోజుల్లోనే, 1892లో, గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' జగన్నాథ విలాసినీ సభ వారి ద్వారా ఇక్కడ రంగస్థలం ఎక్కింది. ఆ నాటకంలోని పూటకూళ్ళమ్మ పాత్రను హోటలు చరిత్రకారుడు శ్రద్ధగా గమనించాలి. హోటలు అన్న బోర్డు రాకముందు పరదేశికీ, ఉద్యోగికీ, విద్యార్థికీ ఈ ఊళ్ళో అన్నం దొరికిన తీరు అక్కడ కనిపిస్తుంది.

ఆ తర్వాత రైలు వచ్చింది. కటకం నుంచి బెజవాడ దాకా ఈస్టు కోస్టు రైలు మార్గం 1893–1896 మధ్య దశలవారీగా తెరుచుకుంది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు మార్గం 1908–09 నాటికి పడి, 1931లో రాయపూర్ వరకు పూర్తయింది. స్టేషనుకూ కోటకూ మధ్య దారిలో కాఫీ క్లబ్బులు, భోజన హోటళ్ళు ఎందుకు వెలిశాయో ఈ తేదీలను చూస్తేనే అర్థమవుతుంది. శ్రీకాకుళంలో పరిస్థితి వేరు. అక్కడ రైలు ఊళ్ళోకి రాలేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆముదాలవలసలో ఉంది. అందువల్ల అక్కడి హోటళ్ళ కథను రైలు కన్నా జి.టి. రోడ్డు, బస్సులు, నాగావళి వంతెన, అరసవల్లి యాత్రికుల వైపు నుంచి వెతకడం మేలు.

సంగీతం వైపు నుంచి చూస్తే పట్టికకు నడుమ నిలిచే తేదీ 1919 ఫిబ్రవరి 5. ఆ రోజున విజయరామ గజపతిరాజు స్థాపించిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడు అదే సంవత్సరం వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల అక్కడ చదువుకున్నారు. ఘంటసాల విద్యార్థి దశలో ఈ వీధుల్లోనే మధుకరం ఎత్తుకుని తిన్నారన్న సంగతిని మన వాళ్ళు గౌరవంతో, కొంత బాధతో చెప్పుకుంటారు. హోటలు చరిత్ర రాసేవారికి అది మరో దారి కూడా చూపిస్తుంది: దూరప్రాంతాల నుంచి వచ్చిన సంగీత విద్యార్థులకు ఏ సత్రం, ఏ ఇల్లు, ఏ హోటలు అన్నం పెట్టిందో వెతికితే, ఆ విద్యార్థులు ఏ పందిట్లో మొదటిసారి కూర్చుని పాడారో కూడా అక్కడే బయటపడే అవకాశం ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధాన్ని మరచిపోకూడదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. సరకుల కొరత, రేషను, దీపాల ఆంక్షలు హోటళ్ళ మీద నేరుగా పనిచేశాయి కనుక, ఆ కాలంలో రాత్రి కచేరీలు ఆగాయా, వేళలు మారాయా అని ప్రత్యేకంగా అడగాలి. మద్రాసు రాష్ట్రమంతటా 1948లో అమలైన మద్యనిషేధాన్నీ, 1995 జనవరిలో మొదలై 1997లో సడలిన నిషేధాన్నీ కూడా పట్టికలో చేర్చండి. బారు ఉన్న హోటలుకు ఇవి రెండూ ఆదాయాన్ని మార్చిన మలుపులే.

దస్తావేజులు: పక్కింటి కాగితంలో మీ హోటలు

స్థలం పుట్టుపూర్వోత్తరాలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమే ప్రధానమైన చోటు. 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ (ఆస్తి మీద ఏ దస్తావేజులు నమోదయ్యాయో చెప్పే ధ్రువపత్రం) ఇప్పుడు ఆన్‌లైనులో దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి చేతిరాత పుస్తకాలే గతి. 1908 రిజిస్ట్రేషను చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నకలవుతాయి. మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తులతో మరో సూచిక ఉంటాయి. రుసుము చెల్లించిన వారెవరైనా ఒకటో పుస్తకాన్నీ ఆ సూచికలనూ చూడడానికి చట్టం వీలు కల్పించింది. ఏ సంవత్సరాల మధ్య, ఏ వీధిలో, ఏ పేరుతో వెతుకుతున్నారో స్పష్టంగా రాసుకుని వెళితే అక్కడి గుమాస్తాలకు కూడా మీకు సాయపడడం సులువవుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. హోటలు నడిపినవారు చాలాసార్లు స్థలం సొంతదార్లు కారు, అద్దెదార్లు. 1999కి ముందు ఏడాదికి మించని అద్దె ఒప్పందాలకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కనుక ఎంతో పేరున్న హోటలు కూడా ఆ స్థలం దస్తావేజుల్లో కనిపించకుండా పోతుంది. అలాంటప్పుడు ఇరుగుపొరుగు స్థలాల దస్తావేజులు తీయించండి. ప్రతి క్రయ దస్తావేజులోనూ చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, ఉంటుంది. "తూర్పు: ఫలానా వారి కాఫీ హోటలు గోడ", "ఉత్తరం: ఫలానా హాలుకు పోవు సందు" అన్న ఒక్క వాక్యం, ఆ ఏడాది ఆ పేరుతో హోటలు అక్కడ ఉన్నదనడానికి గట్టి సాక్ష్యం. పదేళ్ళ తేడాతో రాసిన రెండు పొరుగు దస్తావేజుల్లో హద్దు పేరు మారి ఉంటే, చేతులు మారిన కాలం ఆ రెంటి మధ్యకు కుదించుకు వస్తుంది. ఇంత ఫలితమిచ్చే పద్ధతి మరొకటి లేదని నిస్సంకోచంగా చెప్పగలను.

జమీందారీ భూముల మీద లేచిన కట్టడాలైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు, తర్వాత అన్న విభజన పాటించాలి. సంస్థానం ఇచ్చిన స్థలమా, సంస్థానం సత్రమా, సొంతంగా కొన్నదా అన్నది ఆ హోటలులో కచేరీలు ఎందుకు జరిగాయో చెప్పే తాళపు చెవి కావచ్చు.

లైసెన్సులు, పన్నులు

పురపాలక కార్యాలయంలో ఆస్తి పన్ను డిమాండు రిజిస్టర్లు, టౌను సర్వే రిజిస్టరు, ఆహార వ్యాపార లైసెన్సు దాఖలాలు అడగండి. సత్రాలకు, బస ఇచ్చే ఇళ్ళకు 1867 నాటి సరాయిల చట్టం కింద నమోదు ఉండేది. జనం వినోదానికి గుమిగూడే హాళ్ళకు 1888 నాటి మద్రాసు చట్టం కింద లైసెన్సు కావలసి వచ్చేది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం కింద పోలీసులు నాటకాలను ఆపగలిగేవారు. టిక్కెట్టు పెట్టిన కచేరీలకు 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టం వర్తించేది. ఆ చట్టమే పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగి, 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చేదాకా నిలిచింది. ఉచిత కచేరీ ఈ దాఖలాల్లోకి ఎక్కదు, టిక్కెట్టు కచేరీ ఎక్కుతుంది. కనుక పన్ను దాఖలా లేనంత మాత్రాన కచేరీ జరగలేదని తీర్మానించకూడదు.

కాగితాలు అడిగితే దొరకనప్పుడు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు రుసుము. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. "ఈ హోటలు చరిత్ర ఇవ్వండి" అని అడిగితే ప్రయోజనం లేదు. ఫలానా వార్డు, ఫలానా సంవత్సరాల డిమాండు రిజిస్టరు పుటల నకళ్ళు అని కాగితాన్ని పేరుపెట్టి అడగాలి.

రాజధాని మారినప్పుడల్లా దాఖలాలు కూడా చెదిరాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే ముందు నాటి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనూ, అక్కడి నుంచి 1950 ఆగస్టు 15 వరకు విశాఖపట్నం జిల్లాలోనూ ఉంది. విజయనగరం పట్టణం 1979 జూన్ 1న కొత్త జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోదే. వెతకవలసిన జిల్లా పేరు తప్పితే నెలల శ్రమ వృథా అవుతుంది.

అచ్చు కాగితాలకు తేదీ కట్టడం

పాత కచేరీ ఆహ్వాన పత్రికల్లో ఇంగ్లీషు సంవత్సరం లేకుండా తెలుగు సంవత్సరం, తిథి, వారం మాత్రమే ఉండడం మామూలే. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక జాగ్రత్త అవసరం. సంగీత కళాశాల పుట్టిన కాళయుక్తి సంవత్సరం 1918–19 కాగా, మళ్ళీ కాళయుక్తి 1978–79లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన సర్వజిత్తు 1947–48, తర్వాతి సర్వజిత్తు 2007–08. తిథి, వారం రెండూ కలిసే సంవత్సరాన్ని పాత పంచాంగంలో చూసి తేల్చాలి. కళాశాల ప్రారంభమైన 1919 ఫిబ్రవరి 5 బుధవారం. అదే కాలపు ఆహ్వానం మీ చేతికొస్తే ఈ తేదీ నుంచి వారాలు లెక్కకట్టి సరిచూసుకోవచ్చు.

ఇతర గుర్తులూ ఉంటాయి. లెటర్‌హెడ్ మీద పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. విజయనగరం చిరునామా కింద "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే 1979కి ముందు వేయించినది, లేదా అప్పటి స్టాకు మిగిలినది. భోజనం ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1న నయా పైసలు రాకముందు కాలాన్ని మొదట పరిశీలించాలి, అయితే మాటలో అణాలు ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు బతికాయి. వంటసరుకుల చిట్టాలో వీశెలు, మణుగులు కనిపిస్తే మెట్రిక్ తూనికలకు ముందరి అలవాటు అది. వీశె అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఈ లెక్క తెలియకపోతే కచేరీ రోజున ఎంతమందికి వండారో అంచనా కట్టలేరు.

చిట్టా, ఆవర్జాల గురించి మరో మాట. హోటలు వారి పాత లెక్కల పుస్తకాలు ఏ అటక మీదనైనా మిగిలి ఉంటే, అవి ఈ పరిశోధనకంతటికీ ప్రాణం. మామూలు రోజుకన్నా బియ్యం, పెరుగు, కాఫీ పొడి ఖర్చు ఒక్కసారిగా పెరిగిన తేదీలను వేరే కాగితం మీద ఎత్తి రాయండి. వాటిని పెళ్ళి ముహూర్తాలతో, దసరా తర్వాత వచ్చే సిరిమాను ఉత్సవంతో, పత్రికల్లోని కచేరీ ప్రకటనలతో పోల్చండి. పండుగకూ ముహూర్తానికీ అందని పెరుగుదల ఎక్కడ కనబడితే అక్కడ కచేరీ కోసం వెతకాలి. "సంభావన", "తాంబూలం", "జట్కా", "మైకు" అన్న పద్దులు విడిగా రాసి ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

పత్రికల విషయానికి వస్తే, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా నడిచిన ఆంధ్రపత్రిక, 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక, 1938 నాటి ఆంధ్రప్రభ, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు ముఖ్యమైనవి. పాత సంచికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ప్రసిద్ధాలు. మనకు మరింత దగ్గరలో, కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది. అక్కడికి అందరూ కథల కోసం వెళతారు. మీరు అవే పాత పత్రికల వెనుక అట్టల మీది, చివరి పేజీల్లోని హోటలు ప్రకటనల కోసం వెళ్ళండి. ప్రకటనలో హోటలు తన గురించి తాను ఏమి చెప్పుకున్నదో ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాసుకోవాలి. వెతికేటప్పుడు సత్రం, పూటకూళ్ళ ఇల్లు, కాఫీ క్లబ్బు, భోజన హోటలు, లాడ్జి అన్న పేర్లన్నీ చూడాలి, ఎందుకంటే ఒకే చోటును వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా పిలిచారు. రేడియోలో పాడిన విద్వాంసులకైతే ఆకాశవాణి మద్రాసు (1938), విజయవాడ (1948), విశాఖపట్నం (1963) కేంద్రాల కార్యక్రమాల పట్టికలు, వారు ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నారో చెబుతాయి.

పత్రికా ప్రకటన ఎంత బలమైన సాక్ష్యమో చూపడానికి బొంబాయి ఉదాహరణ చాలు. 1896 జూలై 7న వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల చలనచిత్రాలు ప్రదర్శించారని ఇప్పుడు అందరూ నమ్మకంగా చెప్పగలగడానికి ఆ నాటి దినపత్రికలో పడిన ప్రకటన కారణం. అదే హోటలులోకి భారతీయుడన్న కారణంతో జంషెడ్జీ టాటాను రానివ్వలేదనీ, అందుకే ఆయన 1903లో తెరుచుకున్న తాజ్ మహల్ హోటలు కట్టించారనీ చెప్పే కథ ఎంతో ప్రచారంలో ఉన్నా, దానికి ఆ కాలపు గట్టి ఆధారం ఎవరూ చూపలేదు. ఒకే కట్టడం గురించి ఒక నిజం, ఒక వదంతి పక్కపక్కనే వందేళ్ళు నడిచాయి. మీ ఊరి హోటలు గురించి కూడా రెండూ ఉంటాయి.

మనుషులను అడగడం

యజమాని కుటుంబంతో మొదలుపెట్టవద్దని నా సలహా. వారి కథ ఇప్పటికే ఒక రూపానికి వచ్చి ఉంటుంది. ముందు అదే వింటే తర్వాత వినేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సప్లయరుగా పనిచేసిన తాతగారిని, వంట మాస్టరు కుమార్తెను, మైకు సెట్టు అద్దెకిచ్చిన దుకాణం వారిని, హాలుకు పందిరి వేసినవారిని, సన్నాయి మేళం కుటుంబాలను ముందు కలవండి. వారికి పేర్లు గుర్తుండకపోయినా పని గుర్తుంటుంది. "కచేరీ రోజున పొయ్యి ఎన్ని గంటలకు వెలిగించేవారు మాస్టారూ?", "హరికథ తెల్లవారే దాకా సాగితే గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చునేవారు?", "దాసుగారికి విడిగా వడ్డించేవారా, అందరితో కలిపా?" అని పని మీదుగా అడిగితే, "ఏ సంవత్సరం?" అని అడిగితే రాని జవాబులు వస్తాయి.

సంవత్సరాన్ని వారి జీవితంలోని సంఘటనలకు ముడివేసి రాబట్టాలి. తమ పెళ్ళికి ముందా తర్వాతా, పెద్దబ్బాయి పుట్టాకా, 1974 రైల్వే సమ్మె నాటికి ఆ హాలు ఉందా, ఎమర్జెన్సీ రోజుల్లో రాత్రి కార్యక్రమాలు జరిగాయా, జిల్లా ఏర్పడిన ఏడాది ఏమి మారింది అన్న ప్రశ్నలు ఉపయోగపడతాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీలో ఏ కాగితాలు తడిసిపోయాయో కూడా అడగండి. కొన్ని ఇళ్ళలో తడిసిన కట్టలను పారెయ్యకుండా ఆరబెట్టి దాచి ఉంచారు.

మాట్లాడేవారి అనుమతితోనే రికార్డు చెయ్యండి. ఇంటికి వెళ్ళాక అదే రాత్రి తేదీ, చోటు, మాట్లాడిన వారి పేరు, వయసు రాసి పెట్టుకోండి. ఉత్తరాంధ్ర మాటను పుస్తక భాషలోకి దిద్దకుండా అలాగే ఎత్తి రాయడం మంచిది. వాక్యాన్ని నునుపు చేసినప్పుడు చాలాసార్లు సమాచారం కూడా జారిపోతుంది.

కచేరీల పట్టిక

ఇది పుస్తకానికి వెన్నెముక. తేదీ, ప్రధాన కళాకారుడు లేక కళాకారిణి, పక్కవాద్యాలు, ఏర్పాటు చేసినవారు, ఉచితమా టిక్కెట్టా, బస ఎక్కడ, ఆధారం ఏమిటి అన్న గడులతో పట్టిక వేసుకోండి. ఆధారం గడిలో అచ్చు కాగితమో, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరి మాటో, ఒక్కరి మాటో వివరంగా రాయాలి. ఒక్కరి మాట మీద నిలిచిన కచేరీని కొట్టివెయ్యవద్దు, కానీ "ఫలానా వారు చెప్పినట్టు" అన్న మాట లేకుండా పుస్తకంలోకి ఎక్కించనూ వద్దు.

పెద్ద పేర్లను వారి జీవిత కాలంతో జల్లెడ పట్టండి. ఆదిభట్ల నారాయణదాసు 1945 జనవరి 2న, ద్వారం వెంకటస్వామి నాయుడు 1964 నవంబరులో, ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. సుశీల 1935 నవంబరులో పుట్టారు. 1950లో కట్టిన హాలులో దాసుగారి హరికథ విన్నామని ఎవరైనా చెబితే, వారు అబద్ధమాడుతున్నారని కాదు. హాలుకు ముందు అదే స్థలంలో పందిరి ఉండేదేమో, మరొక దాసుగారిని విన్నారేమో, తమ తండ్రి చెప్పినది తమ జ్ఞాపకంగా మారిందేమో అడిగి చూడాలి. ఘంటసాల "ఇక్కడ పాడారు" అన్నప్పుడు విద్యార్థిగా పాడారా, సినిమా గాయకుడై తిరిగి వచ్చి పాడారా అన్నది తేల్చాలి. ఆ రెండు సందర్భాల మధ్య ఆయన జీవితమే మారిపోయింది, మన ఊరితో ఆయనకున్న సంబంధం కూడా.

కచేరీ అంటే శాస్త్రీయ సంగీతమే అనుకుని పట్టికను చిన్నది చెయ్యవద్దు. హరికథ, బుర్రకథ, పద్య నాటకాల రిహార్సళ్ళు, పెళ్ళి కచేరీలు, తర్వాతి తరంలో సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, హోటలు ముంగిట ఆడిన తప్పెటగుళ్ళు అన్నీ ఆ చోటు విన్న సంగీతమే. కలకత్తా, బొంబాయి పెద్ద హోటళ్ళ తీరు వేరు. అక్కడ బాండువారు హోటలు జీతగాళ్ళు. అమెరికా నుంచి వచ్చిన పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటలులో బాండు నడిపి, 1945లో ఆ నగరంలోనే మరణించాడు. మన పట్టణాల్లో విద్వాంసుడు హోటలుకు అతిథి, ఖర్చు భరించేది సభవారో, సంస్థానమో, పెళ్ళివారో. కాబట్టి నగర హోటళ్ళ చరిత్రల నమూనాను తెచ్చి ఇక్కడ అతికించకుండా, డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో మీ లెక్కల పుస్తకాలతో తేల్చుకోవాలి.

లోపలికి రానివ్వని వారు

ఈ భాగాన్ని తప్పించుకుని రాసిన హోటలు చరిత్ర సగం చరిత్రే. కులం పేరుతో బోర్డు పెట్టిన భోజన హోటళ్ళు మన పట్టణాలన్నింటా ఉండేవి. దళితులకు విడి గ్లాసులు, బయటి అరుగు, అసలు ప్రవేశమే లేకపోవడం పెద్దల జ్ఞాపకంలో ఉన్నాయి. హోటళ్ళలో, వినోద స్థలాల్లో ప్రవేశాన్ని కులం, మతం కారణంగా అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. అంటరానితనాన్ని శిక్షార్హం చేసిన చట్టం 1955లో వచ్చింది. మీ హోటలులో ఆ మార్పు నిజంగా ఎప్పుడు జరిగింది, ఎవరు మొదట లోపలికి వచ్చి కూర్చున్నారు, పాట విన్నవారు గదిలో కూర్చున్నారా, వీధిలో నిలబడ్డారా అన్నది అడగవలసిన వారిని అడిగి, వారి మాటల్లోనే రాయాలి. చట్టం తేదీని మార్పు తేదీగా రాసెయ్యడం పెద్ద పొరపాటు.

స్త్రీ కళాకారుల విషయమూ ఇంతే. మేజువాణీలు (వేడుకల్లో జరిగే ఆటపాటల కచేరీలు) పాడిన గాయనుల విద్య మీద ఒకప్పటి సంగీతం చాలావరకు ఆధారపడింది. దేవదాసీ అంకిత నిషేధ చట్టం 1947లో వచ్చేనాటికే వారి పేర్లు ఆహ్వాన పత్రికల నుంచి మాయమవసాగాయి. ఏ కాగితంలోనైనా వారి పేరు దొరికితే, ఆ పేరును పక్కవాద్యకారుల పేర్లంత గౌరవంతో, నలుగురూ వాడిన చులకన మాటలు తగిలించకుండా పట్టికలో చేర్చండి. వారి వారసులు నేడు జీవించి ఉంటే, వారి అనుమతి లేకుండా కుటుంబ వివరాలు అచ్చు వెయ్యకూడదు. లాడ్జి అతిథుల రిజిస్టరు దొరికినా అదే నియమం. అందులోని మామూలు మనుషుల పేర్లు మీ పుస్తకానికి అక్కరలేదు.

కట్టడాన్ని చదవడం

గానుగ సున్నపు గోడలు, టేకు దూలాల మీది మిద్దె, బెంగుళూరు పెంకుల (మంగుళూరు పెంకులనే మన వాళ్ళు ఇలా పిలుస్తారు) వసారా, ఆ మీద వేసిన కాంక్రీటు స్లాబు వరుసగా కాలాన్ని చెబుతాయి. పెంకు వెనుక తయారీదారు పేరు అచ్చయి ఉంటుంది, ఫోటో తీసుకోండి. మంగుళూరులో బాసెల్ మిషన్ వారి పెంకుల కార్ఖానా 1865లో మొదలైంది కనుక అంతకు ముందు అలాంటి పెంకు ఉండదు. అయితే పాత పెంకులను కొత్త కప్పుకు వాడడం ఉన్నదే, కాబట్టి పెంకును బట్టి కట్టడం వయసును ఖాయం చెయ్యకండి. హాలు పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలవండి. మైకు లేని రోజుల్లో ఎందరు స్పష్టంగా వినగలిగేవారో అంచనా కట్టడానికి ఆ కొలతలు కావాలి. సంగీత కళాశాల విద్యార్థి ఒకరిని వేదిక ఉన్న చోట కూర్చోబెట్టి, శ్రుతి మాత్రమే పెట్టుకుని ఒక కీర్తన పాడించి, మీరు వెనుక గోడ దగ్గర నిలబడి వినండి. వంటగది పొగ గొట్టం, హాలు కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో చూసి, కచేరీ సమయంలో పొయ్యిలు ఆర్పేవారా అని మాస్టరు కుటుంబాన్ని మళ్ళీ అడగవచ్చు.

రాసి, దాచిపెట్టడం

రాతలో ప్రతి అధ్యాయంలోనూ ఆ కాలపు భోజనం ధర, పనివారి సంఖ్య, కచేరీలు మూడూ కలిసి రావాలి. సంగీతానికి చివర్లో ఒక అనుబంధం తగిలించడం వద్దు. పాత ఫోటోలకు స్టూడియో ముద్రను చూసి, 1957 కాపీరైటు చట్టం కింద హక్కు ఇంకా ఎవరికైనా ఉందేమో విచారించి, అనుమతి పత్రం తీసుకోండి. అచ్చుకు ముందు, మాట ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వారికి సంబంధించిన పేజీలు చదివి వినిపించాలి. పెద్దలు దిద్దిన చోట పాత వాక్యాన్నీ చెరపకుండా పక్కన ఉంచండి.

పుస్తకం ఒక ప్రతిని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి సంగీత కళాశాలకు, ఒకటి కథానిలయానికి ఇవ్వండి. రికార్డింగులు, దస్తావేజుల నకళ్ళు, ఫోటోలు రెండు వేర్వేరు ఊళ్ళలో రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచి, ప్రతి ఫైలుకూ తేదీ, స్థలం, విషయం తెలుగులో పేరుగా పెట్టండి. కాగితం మూలాలను వాటి యజమానులకే తిరిగి ఇచ్చి, ఏ ఇంట్లో ఏ కట్ట ఉన్నదో చెప్పే జాబితా ఒకటి కళాశాల గ్రంథాలయంలో ఉంచితే, మీ తర్వాత వెతకబోయేవారు మళ్ళీ మొదటి నుంచి ఇళ్ళు తిరగవలసిన పని ఉండదు.